ఈ పద్దు నాది కాదు

తెనాలిలో మా పిన్ని ఒక్కతే ఉంటుంది. అన్‌లిమిటెడ్ ప్యాకులు ఇంకా రాని రోజుల్లో ఆవిడ నెలకోసారి వంద రూపాయల టాక్‌టైం వేయించుకునేది. ఆ ఫోనుకు వచ్చే కాల్సే ఎక్కువ, ఆవిడ చేసేవి తక్కువ. అలాంటిది ఓసారి నెల తిరక్కుండానే బ్యాలెన్స్ అయిపోయింది. మళ్ళీ వేయించింది. మళ్ళీ అంతే. నేను వెళ్ళినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, "నేనెవురికీ చెయ్యలేదురా అబ్బాయ్. డబ్బులెట్టా పోతన్నయ్యో తెలీట్లా. రీచార్జి కొట్టు కుర్రాడే తక్కువేస్తన్నాడేమో అనుకుంటన్నా," అంది.

కుర్రాడి తప్పేమీ లేదు. చదవకుండా వదిలేసిన మెసేజిల అడుగున ఇంగ్లిషులో ఒకటి దొరికింది. క్రికెట్ స్కోర్ల సేవ పునరుద్ధరించామనీ, 30 రూపాయలు తీసుకున్నామనీ దాని సారాంశం. పది రోజులకోసారి అదే మెసేజ్. పిన్ని ఏనాడూ క్రికెట్ చూడదు. కాకపోతే వేసవి సెలవల్లో మనవడు ఆ ఫోన్లో ఆటలు ఆడాడు. ఏదో ప్రకటన అడ్డం వస్తే ఇంటూ గుర్తు నొక్కానన్నాడు. ఎక్కడా నంబరు కొట్టలేదు, పేరు రాయలేదు. మరి ఎక్కడో ఉన్న ఆ స్కోర్ల కంపెనీకి తెనాలిలో ఈవిడ ఖాతా ఎలా దొరికింది?

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. జవాబు వెతుక్కుంటూ పోతే ఫోన్ బిల్లు నుంచి క్రెడిట్ కార్డు బిల్లు దాకా వెళ్ళాను. రెండు చోట్లా తేలింది ఒక్కటే: బిల్లులో కనిపించే ప్రతి పద్దూ ఎవరో చెప్పిన మాట, అంతే. దాన్ని మొదట ఎవరు చెప్పారో, ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చిందో తెలిస్తే, ఎక్కడ నిలదీయాలో తెలుస్తుంది.

నంబరు చెప్పకుండానే ఎలా తెలిసింది?

మొబైల్ డేటా మీద మనం ఏ పేజీ తెరవాలన్నా ఆ కోరిక ముందు ఫోన్ కంపెనీ యంత్రాల గుండా వెళ్ళాలి. ఏ సిమ్ నుంచి వచ్చిందో కంపెనీకి తెలుసు. తనతో ఒప్పందం ఉన్న వెబ్‌సైటుకు దాన్ని అందించేటప్పుడు, మన నంబరునో, నంబరుకు బదులు ఒక గుర్తునో దాని తలకట్టులో చేర్చి పంపగలదు. మనం కవరు మీద ఫ్రమ్ అడ్రసు రాయకపోయినా, పోస్టాఫీసులో ఎవరో మన తరఫున రాసి పంపినట్టన్నమాట. అవతలివాళ్ళు మనల్ని ఏమీ అడగనక్కర్లేదు. వచ్చిన కవరు మీదే అంతా ఉంటుంది.

ఇది వైఫై మీద కుదరదు, ఎందుకంటే అప్పుడు దారిలో సిమ్ కంపెనీ ఉండదు. సంకేతభాషలోకి మార్చి పంపే సురక్షిత పేజీల్లోనూ కుదరదు, మూసిన కవరు లోపల ఎవరూ ఏమీ రాయలేరు కదా. అందుకని మన ప్రయాణాన్ని మధ్యలో ఒకసారి తాళం లేని పేజీ గుండా తిప్పి, అక్కడ నంబరు చేర్చేవారు. ఇక మన సమ్మతి సంగతి. తెర మీద కనిపించే బొమ్మ పైన, కంటికి కనబడని మరో బటన్ పరిచి ఉంచితే, పిల్లవాడు ఇంటూ గుర్తు అనుకుని నొక్కింది నిజానికి 'సరే' అనే బటన్ అవుతుంది. నంబరు తెలుసు, 'సరే' అందింది. బ్యాలెన్స్ లోంచి కోసెయ్యడమే మిగిలింది.

వసూలైన డబ్బు ఆ సేవ నడిపేవారికీ ఫోన్ కంపెనీకీ మధ్య పంపకమవుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గుమస్తాకు ప్రతి పద్దులోనూ వాటా ఉంటే, తప్పుడు పద్దును పట్టుకోవాలన్న తొందర అతనికెందుకుంటుంది?

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. అమెరికాలో దీన్ని 'క్రామింగ్' అంటారు, బిల్లులో కుక్కడం అని అర్థం. జాతకాలు, రింగ్‌టోన్ల పేరుతో వినియోగదారులు అడగని రుసుములను మొబైల్ బిల్లుల్లో చేర్చారన్న కేసుల్లో ఏటీ అండ్ టీ 2014లో 10.5 కోట్ల డాలర్లకు, వెరిజాన్, స్ప్రింట్ కలిపి 2015లో 15.8 కోట్ల డాలర్లకు అక్కడి ప్రభుత్వ సంస్థలతో రాజీపడ్డాయి. మన దగ్గర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో రెండోసారి అడిగి తీరాలన్న నిబంధన పెట్టింది. సేవ మొదలుపెట్టే ముందు ధర, గడువు చెప్పి, వినియోగదారు దగ్గర మరోసారి విడిగా అంగీకారం తీసుకోవాలి. ఆ అంగీకారం రికార్డు ఉండాలి. ఇలాంటి సేవలను ఆపించుకోవడానికి అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా 155223 నంబరు పెట్టారు. మొబైల్ డేటానే అసలు వద్దనుకునే పెద్దవాళ్ళకు 1925 ఉంది. పిన్ని లాంటివాళ్ళకు ఇంత ఉపయోగపడే రెండు నంబర్లు ఎంతమందికి తెలుసునా అని నాకిప్పటికీ బెంగే.

అంగడి ఖాతా, కార్డు ఖాతా

క్రెడిట్ కార్డు దగ్గరికొద్దాం. వీధి చివరి కిరాణా కొట్లో అరువు ఖాతా ఉన్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. షావుకారు పుస్తకంలో రాస్తాడు, నెలాఖరుకు మనం చూసుకుంటాం. "పన్నెండో తారీకున కందిపప్పు రెండు కేజీలు రాశావేంటి, ఆ రోజు మేం ఊళ్ళోనే లేం" అంటే అతను కాసేపు ఆలోచించి కొట్టేస్తాడు. రాసినవాడూ అడిగేవాడూ ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి తగువు రెండు నిమిషాల్లో తెగిపోతుంది.

కార్డు బిల్లులో ఆ వెసులుబాటు లేదు. బిల్లు పంపేది మనకు కార్డిచ్చిన బ్యాంకు. పద్దు రాసింది దుకాణం. ఆ దుకాణానికి స్వైప్ మిషన్ ఇచ్చింది వేరే బ్యాంకు. రెండు బ్యాంకుల మధ్య కబురు మోసేది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్. మన బ్యాంకు ఆ దుకాణాన్ని చూడలేదు, దుకాణానికి మన బ్యాంకు ఎవరో తెలియదు. మూడు చేతులు దాటి వచ్చిన మాటను మన బ్యాంకు నమ్మి బిల్లులో వేస్తుంది. మనం కాదంటే, ఆ మాట వచ్చిన దారినే వెనక్కి నడవాలి.

ఇంకో సంగతి. కార్డు గీకిన క్షణాన డబ్బు కదలదు. "ఇంత ఇవ్వొచ్చా?" అని అడగడం, "ఇవ్వొచ్చు" అనడం మాత్రమే అప్పుడు జరుగుతాయి. మన బ్యాంకు ఆ మేరకు లిమిట్‌ను పక్కన పెడుతుంది. దుకాణం తన లెక్కలు పంపాక, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో, అసలు పద్దు పడుతుంది. హోటల్ గది తీసుకున్నప్పుడు అడ్వాన్సుగా పట్టి ఉంచిన మొత్తం వేరు, ఖాళీ చేశాక పడే మొత్తం వేరు. రెండూ చూసి రెండుసార్లు కోశారని కంగారుపడేవాళ్ళు చాలామంది. పట్టి ఉంచింది కొన్ని రోజులకు దానంతటదే వదిలేస్తారు. అలా పోకుండా రెండూ బిల్లులో స్థిరపడితేనే అభ్యంతరం చెప్పాలి.

మనవే, కానీ గుర్తుపట్టలేనివి

బోర్డు మీద ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు. విజయవాడలో ఇడ్లీ తిన్న హోటల్ పద్దు దాని యజమాని సంస్థ పేరుతో, ఆ సంస్థ నమోదైన ఊరి పేరుతో కనిపించవచ్చు. ఆన్‌లైన్లో కొంటే మధ్యలో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ సంస్థ పేరు ముందు చేరుతుంది. నెట్‌వర్కుల పాత పద్ధతిలో దుకాణం పేరుకు ఇచ్చిన చోటు పాతిక అక్షరాలు. పొడుగాటి పేర్లు తోక తెగి, అర్థం లేని ముక్కలుగా కనపడతాయి. అయితే ప్రతి దుకాణానికీ వ్యాపారం రకాన్ని చెప్పే నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. కిరాణాకు 5411, భోజనశాలకు 5812. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "ఈ పద్దు ఏ రకం వ్యాపారం కింద పడింది?" అని అడిగితే చాలాసార్లు అక్కడే గుర్తొచ్చేస్తుంది.

పెట్రోలు బంకు పద్దు మరీ కలవరపెడుతుంది. 2,000 రూపాయలకు కొట్టించుకుంటే బిల్లులో 2,023 రూపాయల 60 పైసలు ఉంటుంది. ఇంధనం మీద ఒక శాతం సర్‌చార్జి 20 రూపాయలు, ఆ ఇరవై మీద 18 శాతం జీఎస్టీ 3 రూపాయల 60 పైసలు. చాలా కార్డులు ఆ ఇరవై తర్వాత విడిగా తిరిగి వేస్తాయి, జీఎస్టీ మాత్రం వెయ్యవు. ఇది మోసం కాదు, ఎవరూ విడమర్చి చెప్పకపోవడమే దోషం. రూపాయల్లోనే కొన్నా, అవతలి వ్యాపారి విదేశంలో నమోదై ఉంటే విదేశీ లావాదేవీ రుసుము, దాని మీద జీఎస్టీ విడి వరుసలుగా రావడమూ ఇలాంటిదే. పోయిన నెల మినిమం డ్యూ మాత్రమే కట్టినవారికి ఈ నెల కొన్న వస్తువుల మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42 శాతం. చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించే రోజు రావాలి.

ఆ తర్వాత చందాలు. మొదటి నెల ఉచితం అన్నప్పుడు కార్డు వివరాలిస్తాం, తర్వాత యాప్ తీసేస్తాం. యాప్ తీసేస్తే చందా ఆగదు. దాని ప్రాణం ఫోన్లో లేదు, మనం బ్యాంకుకు ఇచ్చిన ఆటోపే అనుమతిలో ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, అందులోనే ఆపుకొనే దారీ ఉండాలి. మామూలు చందా 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి. బ్యాంకు యాప్‌లోనూ యూపీఐ యాప్‌లోనూ ఆటోపే జాబితా ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి, మరిచిపోయిన పేర్లు కనపడతాయి.

రెండు రూపాయల పద్దు

ఇక నిజంగా మనవి కానివి. హైదరాబాదులో ఉండే మా తోడల్లుడికి ఓ శుక్రవారం రాత్రి మెసేజ్ వచ్చింది. ఎక్కడో విదేశీ వెబ్‌సైటులో చిన్న మొత్తం, మన డబ్బులో రెండు రూపాయలకు కాస్త ఎక్కువ. పొద్దున చూసి, "రెండు రూపాయలకేం గోల, సోమవారం చూద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. ఆ రెండు రూపాయలు దొంగ ఇంటి తలుపు మీద వేలితో కొట్టి చూడటం లాంటిది. లోపల ఎవరూ పలక్కపోతే ఆ తర్వాత పగలగొట్టడానికి వస్తాడు.

దొంగ చేతిలో వేల నంబర్లు ఉంటాయి. కొన్ని ఎక్కడో కారిపోయినవి, కొన్ని లెక్కవేసి పుట్టించినవి. కార్డులో మొదటి ఆరు నుంచి ఎనిమిది అంకెలు ఏ బ్యాంకో, ఏ రకం కార్డో చెబుతాయి కాబట్టి అవి అందరికీ తెలిసినవే. మిగిలినవాటిని కంప్యూటరు వరసగా పుట్టించి, చివరి అంకె లెక్క సరిపోయినవాటిని ఏరుకుంటుంది. అందులో ఏ నంబరు బతికున్న కార్డుదో తేల్చుకోవడానికే ఈ చిన్న పద్దు. పెద్ద మొత్తమైతే యజమాని లేచి కూర్చుంటాడు, చిన్నదైతే పట్టించుకోడు.

గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలియకుండా ఎలా అంటారా? ఐదేళ్ళ కార్డుకు గడువు నెలలు అరవైకి మించవు. మూడంకెలకు వెయ్యి అవకాశాలే. ఒకే వెబ్‌సైటులో వెయ్యిసార్లు ప్రయత్నిస్తే పట్టుబడతారు. వందల వెబ్‌సైట్లలో తలా నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే ఎవరికీ అనుమానం రాదు. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో సరిగ్గా ఇదే చేసి చూపారు. ఊహలన్నిటినీ అలా చెదరగొట్టి ప్రయోగిస్తే ఆరు సెకన్లలో వివరాలు పట్టుకోవచ్చన్నారు. ప్రయత్నాలన్నీ ఒకేచోట లెక్కపెట్టే నెట్‌వర్క్ వెంటనే కనిపెట్టింది, లెక్కపెట్టనిది కనిపెట్టలేకపోయింది.

మన దేశంలోని ఆన్‌లైన్ కొనుగోళ్ళకు ఓటీపీ అడ్డుగోడ ఉంది. విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు దాన్ని అడగవు, అందుకే అర్ధరాత్రి పద్దులు తరచూ డాలర్లలో వస్తాయి. విదేశాలకు వెళ్ళని, విదేశీ కొనుగోళ్ళు చెయ్యని వాళ్ళు కార్డు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల మీటను ఆపి ఉంచుకోవడమే మంచిది. ఆ మీట ప్రతి కార్డుకూ ఉండాలన్నది 2020లో వచ్చిన ఆర్‌బీఐ నిబంధన. ఇంకొకటి: 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో దుకాణాలు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. దాని బదులు ఒక టోకెన్ ఉంచుకుంటాయి. తిరుమలలో చెప్పుల స్టాండు దగ్గర ఇచ్చే టోకెన్ ఆ స్టాండు దగ్గర తప్ప ఎక్కడా చెల్లదు కదా, ఇదీ అంతే. ఎవరైనా ఎత్తుకుపోయినా మరో దుకాణంలో పనికిరాదు.

పెట్టెలో: కార్డు చివరి అంకె ఏం చేస్తుంది?

కార్డు నంబరులో చివరి అంకె ముందున్నవాటికి కాపలా. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950లలో కనిపెట్టిన లెక్క ఇది. చిన్న ఉదాహరణ: 792 అనే నంబరు తీసుకోండి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చెయ్యాలి. 2 రెట్టింపు 4. 9ని అలాగే ఉంచాలి. 7 రెట్టింపు 14, రెండంకెలు వచ్చాయి కాబట్టి 1, 4 కలిపి 5. మొత్తం 4, 9, 5 కలిపితే 18. దీన్ని 20 చెయ్యడానికి 2 కావాలి. ఆ 2 చివర చేరి నంబరు 7922 అవుతుంది. ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే మొత్తం పదితో భాగించబడదు, మిషన్ వెంటనే కాదంటుంది. ఇది పొరపాట్లు పట్టేందుకు పెట్టిన కాపలా, దొంగను ఆపేందుకు కాదు. లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి దొంగ కూడా ఇదే లెక్క వేసుకుంటాడు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

2017 జులై 6న ఆర్‌బీఐ జారీ చేసిన ఆదేశం ఈ విషయంలో మనకు అండ. తప్పు బ్యాంకుదైతే మనం చెప్పినా చెప్పకపోయినా మన బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, వ్యవస్థలో ఇంకెక్కడో ఉంది అనుకుందాం. అప్పుడు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లో చెబితే మనం ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మన మీద పడే భారానికి పరిమితి ఉంది: లిమిట్ ఐదు లక్షల లోపున్న క్రెడిట్ కార్డుకు 10,000, అంతకు మించితే 25,000 రూపాయలు, లేదా పోయిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ఎలా ఉంటే అలా.

లెక్కలో మెసేజ్ వచ్చిన రోజు చేరదు. పనిదినాలను మన ఖాతా ఉన్న శాఖ పనివేళల ప్రకారం లెక్కపెట్టాలి. మా తోడల్లుడి మెసేజ్ శుక్రవారం వచ్చింది. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. అంటే సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. అంత వెసులుబాటు ఉన్నా శనివారం పొద్దునే బ్లాక్ చేయించమన్నాను, ఎందుకంటే గడియారం మనకు ఉన్నట్టే దొంగకూ ఉంది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ కూడా పంపాడు. అదే మధ్యాహ్నం అదే కార్డు మీద నలభై వేలకు పైగా కొనుగోలుకు ఎవరో ప్రయత్నించారు. కార్డు అప్పటికే చచ్చిపోయి ఉంది.

అలా ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మన ఖాతాలో తిరిగి వెయ్యాలి. తొంభై రోజుల్లో తేల్చాలి. మన తప్పు ఉందని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉందని ఆ ఆదేశం స్పష్టంగా చెబుతుంది. నేను ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ మామూలు మనిషి, తాను దొంగ కాదని తానే నిరూపించుకోవాలేమోనని భయపడుతుంటాడు. నియమం అందుకు సరిగ్గా వ్యతిరేకం.

"ఓటీపీ కొట్టారు కదా"

అయినా చాలామందికి మొదటి జవాబుగా వచ్చేది ఇదే: "సరైన ఓటీపీతో జరిగింది, మేమేం చెయ్యలేం." ఓటీపీ సరిగా కొట్టారన్నది ఎవరో ఆరంకెలు కొట్టారని మాత్రమే చెబుతుంది. ఎవరు కొట్టారో చెప్పదు. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరిస్తే, అది ఫోన్లో కూర్చుని వచ్చిన ఓటీపీలను వచ్చినట్టే దొంగకు చేరవేస్తుంది. నకిలీ పత్రాలతో మన నంబరుకు కొత్త సిమ్ తీసుకుంటే మెసేజిలన్నీ అటే పోతాయి. కాబట్టి ఆ జవాబు విని వెనుదిరగొద్దు. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, రుజువు మీరు చూపాలి" అని రాతలో అడగాలి.

మాటల్లో పడి మనమే ఓటీపీ చెప్పేసి ఉంటే? అప్పుడు బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం మనదే. కానీ ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత ఇంకేం పోయినా అది బ్యాంకు ఖాతాలోది. అందుకే సిగ్గుపడి దాచుకోకూడదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చెయ్యాలి, వెంటనే చెయ్యాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకుతూ పోతుంటుంది, అది ఆఖరి గడప దాటేలోపు పట్టుకోవడమే ఆ నంబరు పని.

పద్దు వెనక్కి నడిచే దారి

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. మనం కొనలేదంటే అది అనుమతి లేని లావాదేవీ, పైన చెప్పిన మూడు రోజుల నియమం దానికి వర్తిస్తుంది. మనమే కొన్నాం కానీ వస్తువు రాలేదు, రద్దు చేసినా డబ్బు వెనక్కి రాలేదు, రెండుసార్లు కోశారు అంటే అది దుకాణంతో తగువు. దాన్ని మోసం అని ఫిర్యాదు చేస్తే కార్డు బ్లాక్ అవుతుంది, అసలు తగువు పక్కకు పోతుంది, చివరికి "కొన్నది మీరే" అని తేలి ఫిర్యాదు మూసేస్తారు. తలుపు సరైనదేనా అని చూసుకుని కొట్టాలి.

దుకాణంతో తగువుకు ముందు దుకాణాన్నే రాతలో అడగాలి, జవాబును దాచిపెట్టుకోవాలి. తేలకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం నింపాలి. దాంతో మొదలయ్యేదే చార్జ్‌బ్యాక్. మన బ్యాంకు కారణం రాసి నెట్‌వర్క్ ద్వారా దుకాణం బ్యాంకుకు పంపుతుంది. ఆ బ్యాంకు దుకాణం ఖాతాలోంచి డబ్బు పట్టి ఉంచి "ఏమంటావ్?" అంటుంది. దుకాణం డెలివరీ రసీదో సంతకమో చూపితే పద్దు మళ్ళీ మన వైపు వస్తుంది. మనం మళ్ళీ జవాబివ్వొచ్చు. అటూ ఇటూ తేలకపోతే నెట్‌వర్కే పెద్దమనిషిగా కూర్చుని తీర్పు చెబుతుంది. చాలా రకాల తగువులకు గడువు దాదాపు 120 రోజులు, కానీ చివరి వారం దాకా ఆగడం తెలివి కాదు. "రిఫండ్ పంపేశాం" అని దుకాణం అంటే ఏఆర్ఎన్ అడగండి. ఆ లావాదేవీకి బ్యాంకుల మధ్య ఉండే ఇరవైమూడంకెల గుర్తు అది. దాన్ని మన బ్యాంకుకు ఇస్తే డబ్బు ఎక్కడ ఆగిందో వెతకగలరు. ఇవ్వలేకపోయారంటే చాలావరకు పంపనట్టే.

2022లో ఆర్‌బీఐ తెచ్చిన క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం, బిల్లులో ఒక పద్దు మీద అభ్యంతరం చెబితే బ్యాంకు 30 రోజుల్లో వివరణ, అవసరమైతే పత్రాలతో సహా ఇవ్వాలి. మోసం అని చెప్పిన పద్దు మీద అది తేలేదాకా వడ్డీ, రుసుములు వెయ్యకూడదు. అంతమాత్రాన మొత్తం బిల్లు కట్టడం మానెయ్యొద్దు. కాదన్న పద్దు తీసేసి మిగతాది గడువులోగా కట్టి, అలా ఎందుకు కట్టారో రాసి పంపండి. లేకపోతే న్యాయమైన తగువు కాస్తా బాకీ అయి క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఖర్చేమీ ఉండదు. దారి తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు.

చార్జ్‌బ్యాక్ అనే ఆలోచనకు దన్నుగా నిలిచిన చట్టం అమెరికాలో 1974లో వచ్చింది. అక్కడున్న మనవాళ్ళకు ఒక మాట: ఆ చట్టం కింద హక్కు నిలవాలంటే తప్పు పద్దు ఉన్న మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే సరిపోదు.

ఫోన్ బిల్లు దారి వేరు

ఫోన్ తగువుల్లో చాలామంది చేసే పొరపాటు ట్రాయ్‌కు ఉత్తరం రాసి ఎదురుచూడటం. ట్రాయ్ నియమాలు పెడుతుంది, ఒక్కొక్కరి ఫిర్యాదు తీర్చే అధికారం దానికి లేదు. 2012 నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోవాలి. తృప్తి లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారి. ప్రీపెయిడ్ వాళ్ళు కూడా గత ఆరు నెలల్లో ఏ పైసా దేనికి పోయిందో పద్దుల వారీగా అడగొచ్చు, అందుకు 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. పిన్ని కేసులో మాకు పనికొచ్చింది ఈ కాగితమే.

కోర్టు సంగతి ఒకటి చెప్పాలి. అహ్మదాబాదులో ఒకాయనకు సగటున నెలకు 555 రూపాయల ఫోన్ బిల్లు వచ్చేది. 2013 నవంబరు, డిసెంబరు మధ్య ఒక్క నెలకు 24,609 రూపాయలు పడింది. బిల్లు క్రెడిట్ కార్డు ఆటోపే మీద ఉంది. ఆయన వినియోగదారుల ఫోరానికి వెళ్తే, ఫోన్ తగువులు ఇక్కడ వినకూడదు, పాత టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తి దగ్గరికి పోవాలని కంపెనీ వాదించింది. 2009 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు అలాగే ఉంది మరి. ఆ ఒక్క ప్రశ్న మీదే కేసు ఏళ్ళ తరబడి మెట్లెక్కింది. చివరికి 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఫోన్ బిల్లు తగువును వినియోగదారుల కమిషన్ వినవచ్చని తేల్చింది. ఆ పెద్దమనిషి ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఇవాళ గుంటూరులోనో వరంగల్‌లోనో జిల్లా కమిషన్ మెట్లెక్కే ప్రతి ఫోన్ వినియోగదారుకూ ఆయన దారి వేశాడు.

పిన్ని తగువుకు అంత దూరం పోనక్కర్లేకపోయింది. 155223కి ఫోన్ చేసి ముందు ఆ సేవ ఆపించాం. "మీరే నొక్కారు" అన్నారు కస్టమర్ కేర్‌లో. "సరే, రెండోసారి అడిగి తీసుకున్న అంగీకారం రికార్డు చూపించండి" అన్నాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేస్తామన్నారు. డాకెట్ నంబరు చెప్పమని పిన్ని ఫోన్ లాక్కుని మరీ అడిగి, గోడకున్న క్యాలెండరు మీద పాల లెక్క పక్కన రాసుకుంది. నేను వచ్చేశాను. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది.

"నూట ఎనభై ఏశారురా. ఆరుసార్లు కోసినయ్యి మొత్తం. లెక్క సరిపోయింది, క్యాలెండర్లో కొట్టేశా."